పేరు చూసేముందు స్టార్టులు లెక్కపెట్టండి: స్టార్ పిచర్ ట్రేడ్‌ను తూచే పద్ధతి

జులై మూడో వారం వచ్చిందంటే అమెరికా బేస్‌బాల్‌లో ఆటల కన్నా ట్రేడ్‌ల, అంటే జట్లు ఆటగాళ్లను మార్చుకునే బేరాల, కబుర్లే ఎక్కువ వినిపిస్తాయి. ఒక పెద్ద పిచర్ (బ్యాటర్‌కు బంతి వేసేవాడు) పేరు బయటికి వస్తుంది. నాలుగైదు జట్లు అతని కోసం ప్రయత్నిస్తున్నాయని వార్తలు వస్తాయి. వాటిలో మీ జట్టు కూడా ఉంటే ఇక ఆ రోజు పని సాగదు. ఏం ఇచ్చినా సరే తెచ్చుకోవాలని ఒకరు, పెంచుకున్న కుర్రాళ్లను వదిలితే ఊరుకోమని మరొకరు వాదిస్తుంటారు.

నేను మిషిగన్‌లో ఉంటాను, డెట్రాయిట్ టైగర్స్ నా జట్టు. వృత్తిరీత్యా ఆడిటర్‌ని కాబట్టి, ఇలాంటి వార్త వినగానే ఒక కాగితం తీసి నిలువుగా గీత గీస్తాను. ఎడమవైపు మనం కొనేది, కుడివైపు మనం ఇచ్చేది. ఆ కాగితాన్ని ఎలా నింపాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. జట్ల కార్యాలయాల్లో ఉండే వైద్య నివేదికలు మన చేతికి రావు. అయినా అందరికీ దొరికే వివరాలతోనే ఒక బేరం సమంజసమో కాదో చాలావరకు తేల్చవచ్చు.

కొనేది ఎంత?

ఎడమవైపు మొట్టమొదట రాయాల్సింది పిచర్ పేరు కాదు, అతను మీ జట్టు తరఫున ఆట మొదలుపెట్టే సార్లు, అంటే స్టార్టులు. స్టార్టింగ్ పిచర్ ఐదు రోజులకు ఒకసారి బంతి వేస్తాడు. 162 ఆటల సీజన్‌లో ఏ గాయమూ లేకపోతే 32 లేదా 33 స్టార్టులు వస్తాయి. ట్రేడ్‌ల గడువు ముగిసే వేళకు, జులై 31న కొన్నారంటే మిగిలేవి దాదాపు 11. ఎంత గొప్పవాడైనా ఆ 11 ఆటల్లోనే తన గొప్పతనం చూపించాలి.

పాత బేరాలను ఈ కొలతతో చూడండి. 2008 జులై 7న మిల్వాకీ బ్రూవర్స్ క్లీవ్‌లాండ్ నుంచి సీసీ సబాథియాను తెచ్చుకుంది. ఆ తేదీ వల్ల వాళ్లకు 17 స్టార్టులు దక్కాయి. అతను 11 గెలిచి 2 ఓడాడు, ఈఆర్ఏ (ఫీల్డర్ల పొరపాట్లతో వచ్చినవి కాకుండా, తొమ్మిది ఇన్నింగ్స్‌ల పూర్తి ఆటకు ఇచ్చిన పరుగుల సగటు, తక్కువుంటే మంచిది) 1.65. మిల్వాకీ 1982 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కు, అంటే సీజన్ ముగిశాక అక్టోబర్‌లో జరిగే నాకౌట్ పోటీలకు, వెళ్లింది. 1998లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ సరిగ్గా జులై 31న రాండీ జాన్సన్‌ను కొంది. దక్కినవి 11 స్టార్టులు, 10 గెలుపులు, 1 ఓటమి, ఈఆర్ఏ 1.28. ఇద్దరూ అసాధారణంగానే ఆడారు. కానీ మూడు వారాలు ముందు కొన్నందుకు మిల్వాకీకి ఆరు ఆటలు ఎక్కువ వచ్చాయి. గడువు రోజు దాకా బేరమాడితే ధర తగ్గుతుందని ఎదురుచూసే జట్టు, ఆ ఎదురుచూపులోనే తను కొనదలచిన సరుకును పోగొట్టుకుంటూ ఉంటుంది. అందుకే నా దృష్టిలో జులై మొదటి వారం బేరానికి కాస్త ఎక్కువ ఇచ్చినా తప్పులేదు.

దీనికి అక్టోబర్‌ను కలపాలి. 2022 నుంచి ప్లేఆఫ్స్‌కు 12 జట్లు వెళ్తున్నాయి. తొలి రౌండు మూడు ఆటలది. అత్యున్నత స్థాయి పోటీ అయిన మేజర్ లీగ్‌లో రెండు లీగ్‌లుంటాయి; ఒక్కో లీగ్‌లో అగ్రస్థానాల్లో ఉన్న రెండు జట్లకు ఆ రౌండు ఆడే పనిలేదు. తర్వాతి రౌండు ఐదు ఆటలది, ఆ పైన రెండూ ఏడేసి. సీజన్‌లో ఐదింటిలో ఒక ఆట ఆడే పిచర్, మధ్యలో వచ్చే విశ్రాంతి రోజుల వల్ల ఐదు ఆటల సిరీస్‌లో రెండు ఆడగలడు. అంటే జట్టు ఆటల్లో అతని వాటా రెట్టింపవుతుంది. స్టార్ పిచర్‌కు అంత ధర పలకడానికి అసలు కారణం ఇదే. మంచి బ్యాటర్ అక్టోబర్‌లోనూ రోజూ ఆడేవాడే, అతని వాటా పెరగదు.

ఇక మూడో అంకె, అతను ఇంకా ఎన్నేళ్లు మీ జట్టులో ఉంటాడన్నది. మేజర్ లీగ్‌లో 172 రోజులు గడిపితే ఒక ఏడాది సర్వీసుగా లెక్కిస్తారు. ఆరేళ్లు నిండి, పొడిగించిన ఒప్పందం లేకపోతే సీజన్ ముగియగానే అతను ఫ్రీ ఏజెంట్, ఏ జట్టుతోనైనా ఒప్పందం చేసుకోవచ్చు. సబాథియా అలాగే మూడు నెలలు మిల్వాకీకి ఆడి, 16.1 కోట్ల డాలర్ల ఏడేళ్ల ఒప్పందంతో న్యూయార్క్ యాంకీస్‌కు వెళ్లిపోయాడు. దీనికి పూర్తిగా భిన్నమైనది 2016 డిసెంబరులో బోస్టన్ చేసిన బేరం. చికాగో వైట్ సాక్స్ నుంచి క్రిస్ సేల్ వచ్చినప్పుడు అతని ఒప్పందంలో మూడు సీజన్లు మిగిలి ఉన్నాయి, జీతం ఏడాదికి 1.5 కోట్ల డాలర్లకు మించదు. అందుకు బోస్టన్ యోవాన్ మొంకాడా, మైకేల్ కోపెక్ లాంటి ఇద్దరు పెద్ద ప్రాస్పెక్టులతో (ఎదుగుతారని ఆశలున్న కుర్రాళ్లతో) పాటు మరో ఇద్దరిని ఇచ్చింది. 2018 ప్రపంచ సిరీస్‌లో (రెండు లీగ్‌ల విజేతల మధ్య ఫైనల్) చివరి అవుట్ తీసింది సేలే. ఒక ఏడాది సేవకు, మూడేళ్ల సేవకు ఒకే ధర అడుగుతున్నారేమో మీ కాగితం చూడగానే తెలిసిపోవాలి.

మీ జట్టు నిజంగా ఎక్కడుంది?

అభిమానులకు కష్టమైన భాగమిది. పట్టిక చూసేటప్పుడు మీ స్థానంతో సరిపెట్టుకోకండి. మీకూ ప్లేఆఫ్స్‌కూ మధ్య ఎన్ని జట్లున్నాయో లెక్కపెట్టండి. మూడు ఆటలు వెనకబడి ఒక్క జట్టును దాటాల్సి రావడం వేరు, మూడే ఆటలు వెనకబడినా నాలుగు జట్లను దాటాల్సి రావడం వేరు. రెండో పరిస్థితిలో ఒక్క పిచర్ మిమ్మల్ని గట్టెక్కించలేడు.

2023లో లాస్ ఏంజిలిస్ ఏంజెల్స్ షోహీ ఓటానీ తమ దగ్గర ఉన్న చివరి సీజన్‌ను ఎలాగైనా నిలబెట్టుకోవాలని, జులై ఆఖర్లో లూకస్ జియోలిటోను, రిలీవర్ (ఆట మధ్యలో స్టార్టర్ స్థానంలో దిగే పిచర్) రేనాల్డో లోపెజ్‌ను తెచ్చింది. బదులుగా క్యాచర్ ఎడ్గర్ కెరో, పిచర్ కై బుష్ వైట్ సాక్స్‌కు వెళ్లారు. ఆగస్టులో జట్టు కుప్పకూలింది. నెల తిరిగేసరికి కొత్తగా వచ్చిన ఆ ఇద్దరినీ జీతభారం తగ్గించుకోవడానికి వేవర్స్‌లో, అంటే కావాల్సిన జట్టు తీసుకునేలా, వదిలేసింది. సీజన్ 73 గెలుపులు, 89 ఓటములతో ముగిసింది. ఆ జట్టు తపన నాకు అర్థమవుతుంది. అయినా పట్టికలో దాటాల్సిన జట్లను ఎవరైనా గట్టిగా లెక్కపెట్టి ఉంటే కెరో లాంటి కుర్రాడిని అంత తేలికగా వదిలేవారు కాదనిపిస్తుంది.

2002లో మాంట్రియల్ ఎక్స్‌పోస్ చేసిన బేరం ఇంకా పెద్దది. బార్టోలో కొలోన్ కోసం క్లీవ్‌లాండ్‌కు క్లిఫ్ లీ, గ్రేడీ సైజ్‌మోర్, బ్రాండన్ ఫిలిప్స్‌ ముగ్గురినీ ఇచ్చేసింది. కొలోన్ బాగానే ఆడాడు. మాంట్రియల్ 83 ఆటలు గెలిచింది, కానీ అట్లాంటా వాళ్లకన్నా 19 ఆటలు ముందుంది. క్లిఫ్ లీ 2008లో లీగ్ ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలిచాడు. అప్పట్లో మాంట్రియల్ జట్టు లీగ్ అధీనంలో ఉంది, దాన్ని మూసేస్తారన్న మాట గట్టిగా నడిచింది. రేపన్నది ఉంటుందో లేదో తెలియని జట్టు రేపటి ఆటగాళ్లను దాచుకోదు. అందుకే ఆ బేరాన్ని తిట్టేవాళ్లతో నేను గొంతు కలపను. మీ జట్టుకు అలాంటి పరిస్థితి లేదు కదా అని మాత్రం చూసుకోండి.

పిచర్‌ను చదవడం

గెలుపు ఓటములను వదిలేయండి, అవి జట్టు బ్యాటింగ్ మీద ఆధారపడతాయి. ఈఆర్ఏ కొంత మెరుగు. కానీ అందులో ఫీల్డర్ల నైపుణ్యం, అదృష్టం కలిసి ఉంటాయి. పిచర్ చేతిలో పూర్తిగా ఉండేవి మూడు: స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ను అవుట్ చేయడం), వాక్‌లు (నాలుగు గురి తప్పిన బంతులతో బ్యాటర్‌కు ఉచితంగా బేస్ ఇవ్వడం), హోమ్ రన్‌లు (బంతి మైదానం దాటడం). వీటితోనే ఎఫ్ఐపీ అనే కొలత కడతారు. హోమ్ రన్‌ను 13తో, వాక్‌ను 3తో హెచ్చించి కలిపి, స్ట్రైకౌట్‌కు 2 చొప్పున తీసేసి, ఇన్నింగ్స్‌తో భాగించి, చివర ఈఆర్ఏతో పోల్చడానికి వీలుగా ఒక స్థిరాంకం కలుపుతారు. బంతి శరీరానికి తగిలి బ్యాటర్ బేస్‌కు వెళ్తే దాన్నీ వాక్‌గానే లెక్కిస్తారు. ఆ అంకె ఈఆర్ఏ కన్నా బాగా తక్కువుంటే ఆ పిచర్ తన ఫలితాలు చూపిస్తున్నదాని కన్నా మంచివాడని నేను తీసుకుంటాను.

రాండీ జాన్సన్‌నే చూడండి. 1998లో హ్యూస్టన్ కొనేనాటికి సియాటిల్‌లో అతని లెక్క 9 గెలుపులు, 10 ఓటములు, ఈఆర్ఏ 4.33. చేయి అయిపోయిందన్నవాళ్లు ఉన్నారు. కానీ 160 ఇన్నింగ్స్‌లో 213 స్ట్రైకౌట్లు తీసిన చేయి అది. ఆ ఒక్క అంకెను నమ్మినవాళ్లకే 1.28 దక్కింది.

అతనిలో ఇంకా బయటపడనిది ఏమైనా ఉందా అన్నది తర్వాతి ప్రశ్న. గెరిట్ కోల్ 2017లో పిట్స్‌బర్గ్‌కు ఆడుతూ 4.26 ఈఆర్ఏతో 196 స్ట్రైకౌట్లు తీశాడు. 2018 జనవరిలో హ్యూస్టన్ అతన్ని కొని, కిందికి దిగే సింకర్లు తగ్గించి, పైకి వేసే ఫోర్ సీమ్ ఫాస్ట్‌బాల్, బ్రేకింగ్ బంతులు పెంచింది. ఆ ఏడు 276 స్ట్రైకౌట్లు, మరుసటి ఏడు 326. కాబట్టి ప్రతి బంతి రకాన్నీ విడిగా చూడండి. ఏ బంతికి బ్యాటర్లు ఎక్కువగా గాలిలో బ్యాటు తిప్పుతున్నారు, దాన్ని అతను ఎంత తరచుగా వేస్తున్నాడు? 2015 నుంచి మేజర్ లీగ్ స్టాట్‌కాస్ట్ వ్యవస్థ ఈ వివరాలను అందరికీ అందుబాటులో ఉంచుతోంది.

ఇదే పరీక్ష మీరు ఇవ్వబోయే కుర్రాళ్లకూ పెట్టాలి. 2018 జులై 31న పిట్స్‌బర్గ్ టాంపా బే నుంచి క్రిస్ ఆర్చర్‌ను తెచ్చుకుని టైలర్ గ్లాస్‌నో, ఆస్టిన్ మెడోస్, ఆ తర్వాత పేరు ప్రకటించే ఆటగాడిగా షేన్ బాజ్‌ను ఇచ్చింది. అప్పటికి గ్లాస్‌నో పిట్స్‌బర్గ్ బుల్‌పెన్‌లో, అంటే రిలీవర్ల వరుసలో, కూర్చునేవాడు. టాంపా అతన్ని నేరుగా స్టార్టర్‌ను చేసింది. మరుసటి ఏడాది ఆర్చర్ ఈఆర్ఏ 5.19, మెడోస్ మేటి ఆటగాళ్ల ఆల్‌స్టార్ జట్టుకు ఎంపికయ్యాడు. పిచర్లను తీర్చిదిద్దడంలో పేరున్న జట్టు మీ బుల్‌పెన్‌లో మూల కూర్చున్న కుర్రాడిని పట్టుబట్టి అడుగుతుంటే, ముందు మీ కోచ్‌లు అతనిలో చూడనిది ఏమిటో వెతకండి.

చేయి నిలుస్తుందా?

వైద్య నివేదికలు జట్ల మధ్యే తిరుగుతాయి. అక్కడ కూడా పూర్తి నిజం రాకపోవచ్చు. 2016లో బోస్టన్ శాన్ డియేగో నుంచి ఆల్‌స్టార్ పిచర్ డ్రూ పోమరాంజ్‌ను కొన్నాక, అతని వైద్య సమాచారం పూర్తిగా ఇవ్వలేదని తేలింది. శాన్ డియేగో జనరల్ మేనేజర్ ఎ.జె. ప్రెల్లర్‌ను లీగ్ 30 రోజులు సస్పెండ్ చేసింది.

మనం బయటి నుంచే చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. నెలవారీగా ఫాస్ట్‌బాల్ వేగం పడిపోతోందా? గంటకు ఒక మైలు తగ్గడం ఒక ఆటలో జరిగితే పట్టించుకోను, నెలంతా అలాగే ఉంటే పేరు పక్కన ప్రశ్న గుర్తు పెడతాను. రొటేషన్‌లో, అంటే స్టార్టర్లు వంతులవారీగా దిగే క్రమంలో, అతని వంతు ఎప్పుడైనా దాటవేశారా? తన బలమైన స్లైడర్‌ను (పక్కకు జారే బంతిని) ఉన్నట్టుండి తగ్గించాడా? మోచేతి లిగమెంటు తెగితే టామీ జాన్ సర్జరీ చేస్తారు. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి టామీ జాన్ అనే పిచర్‌కు చేసినందుకు ఆ పేరు వచ్చింది. తిరిగి బంతి పట్టడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. ఒకసారి ఆ సర్జరీ అయి కోలుకుని, రెండు మూడు సీజన్లు పూర్తిగా ఆడినవాడంటే నేను భయపడను. మోచేతిలో నొప్పి అని విశ్రాంతి తీసుకుని సర్జరీ లేకుండా వచ్చినవాడంటేనే నాకు గుబులు.

అలసటను కూడా లెక్కలోకి తీసుకోండి. 2021లో డాడ్జర్స్‌కు వచ్చిన మాక్స్ షెర్జర్ 11 స్టార్టుల్లో ఒక్కటీ ఓడకుండా 1.98 ఈఆర్ఏతో ఆడాడు. ప్లేఆఫ్స్‌లో అతన్ని రిలీవర్‌గా కూడా వాడారు. ఆ తర్వాత చేయి బరువెక్కి, లీగ్ ఫైనల్ ఆరో ఆటకు దిగలేకపోయాడు. డాడ్జర్స్ ఆ ఆటలోనే ఇంటిదారి పట్టింది. జులైకే 130 ఇన్నింగ్స్ వేసిన చేతిని కొంటే అక్టోబర్‌కు ఎంత మిగులుతుందన్న ప్రశ్న తప్పదు.

ఇచ్చేది, దానితో వచ్చే డబ్బు లెక్క

కుడివైపు వరుసకు సమయం పడుతుంది. డ్రాఫ్ట్ పిక్‌లను, అంటే కొత్త ఆటగాళ్లను ఎంచుకునే వంతులను, మామూలుగా ట్రేడ్ చేయనివ్వరు, కొన్ని ప్రత్యేకమైన పిక్‌లకు మాత్రమే అనుమతి. కాబట్టి ధర దాదాపు ఎప్పుడూ కుర్రాళ్ల రూపంలోనే ఉంటుంది. స్కౌట్లు ఆటగాళ్లకు 20 నుంచి 80 దాకా మార్కులు వేస్తారు, 50 అంటే మేజర్ లీగ్ సగటు. ఆ మార్కుల పక్కన నేను ఇంకో విషయం రాస్తాను: ఈ కుర్రాడికి మా జట్టులో చోటు ఎప్పుడు దొరుకుతుంది? ఆ స్థానంలో దీర్ఘకాలిక ఒప్పందంతో ఒకడు పాతుకుపోయి ఉంటే, ఈ కుర్రాడి విలువ మాకన్నా అవతలి జట్టుకే ఎక్కువ. నవంబరులో 40 మంది జాబితాలో చేర్చకపోతే రూల్ 5 డ్రాఫ్ట్‌లో వేరే జట్టు ఎత్తుకుపోయే అవకాశమున్నవాళ్లను కూడా గుర్తించండి. చోటు చాలక ఎలాగూ వదులుకోవాల్సినవాళ్లను ముందే ఇచ్చేయడం తెలివైన పని.

వీలుంటే వెళ్లి చూడండి. టైగర్స్ ట్రిపుల్ ఎ (మేజర్ లీగ్‌కు ఒక మెట్టు కింది) జట్టు టొలీడోలో ఆడుతుంది, మాకు కారులో దగ్గరే. మూడో బేస్ వైపు కూర్చుని ఒక కుర్రాడు నేలబారు బంతికి ఎలా కదులుతున్నాడో, స్ట్రైకౌట్ అయ్యాక డగౌట్‌లో ఎలా ఉంటున్నాడో చూశాక, అతని పేరు ట్రేడ్ వార్తలో కనిపిస్తే నాకది వట్టి ర్యాంకుగా అనిపించదు. ఆ మమకారం అంచనాకు అడ్డమని కొందరంటారు, నేను ఒప్పుకోను. ఇచ్చేది ఏమిటో తెలిసినవాళ్లే సరైన ధర చెప్పగలరు.

పతాక శీర్షికలో ఉన్న పేరునే పట్టుకు వేలాడకండి. సబాథియా బేరంలో అందరూ మాట్లాడుకున్నది మాట్ లాపోర్టా గురించి. ఆ తర్వాత విడిగా వెళ్లిన మైకేల్ బ్రాంట్లీ 2014లో లీగ్ అత్యుత్తమ ఆటగాడి ఓటింగ్‌లో మూడో స్థానంలో నిలిచాడు. రాండీ జాన్సన్ కోసం హ్యూస్టన్ ఇచ్చినవాళ్లలో కార్లోస్ గియెన్ కూడా ఉన్నాడు. అతను చివరికి మా డెట్రాయిట్‌కే వచ్చి చేరాడు.

డబ్బు సంగతి క్లుప్తంగా. సీజన్‌లో మిగిలిన రోజుల జీతం కొత్త జట్టు మీద పడుతుంది. జీతాల మొత్తం ఒక పరిమితి దాటితే పన్ను కట్టాలి, 2025లో ఆ పరిమితి 24.1 కోట్ల డాలర్లు. అమ్మే జట్టు జీతంలో కొంత భరిస్తే బదులుగా మంచి కుర్రాడిని అడుగుతుంది. 2023లో షెర్జర్‌ను టెక్సస్‌కు పంపినప్పుడు న్యూయార్క్ మెట్స్ చేసింది అదే. సీజన్ మధ్యలో కొన్న ఆటగాడికి క్వాలిఫయింగ్ ఆఫర్ (సీజన్ ముగిశాక ఇచ్చే ఒక ఏడాది ఒప్పంద ప్రతిపాదన) ఇచ్చే హక్కు కొత్త జట్టుకు ఉండదు, కాబట్టి అతను వెళ్లిపోతే పరిహారంగా డ్రాఫ్ట్ పిక్ కూడా రాదు. పదేళ్ల సర్వీసుండి, చివరి ఐదేళ్లు ఒకే జట్టులో ఉన్నవాడు ట్రేడ్‌ను కాదనవచ్చు. 2017 ఆగస్టు 31న జస్టిన్ వెర్లాండర్ హ్యూస్టన్ వెళ్లడానికి ఒప్పుకుంది అప్పట్లో ఉన్న ఆగస్టు గడువుకు నిమిషాల ముందే. అక్కడ ఐదు స్టార్టులూ గెలిచి, లీగ్ ఫైనల్ సిరీస్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అయి, ప్రపంచ సిరీస్ ఉంగరం తొడుక్కున్నాడు. మాకు వచ్చిన ముగ్గురిలో నిలదొక్కుకున్నది క్యాచర్ జేక్ రోజర్స్ ఒక్కడే. అమ్మేవాళ్ల వైపు నుంచి కూడా ఈ పని ఎంత కష్టమో ఆ బేరం చెబుతుంది.

హద్దు గీయడం

రెండు వరుసలూ నిండాక, పుకార్లు ముదరకముందే హద్దు రాసి పెట్టుకోండి. మీ కుర్రాళ్లలో ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకూడనివాళ్లు ఎవరు, ఒక ఏడాది పిచర్‌కు ఇవ్వదగినవాళ్లు ఎవరు, రెండేళ్లకు మించి ఉండే పిచర్‌కు మాత్రమే ఇవ్వదగినవాళ్లు ఎవరు. తేదీ వేయండి. తర్వాత ఎప్పుడైనా ఆ బేరాన్ని తీర్పు చెప్పాల్సి వస్తే, ఆ తేదీన తెలిసిన విషయాలతోనే చెప్పండి.

ఈ మాట మీద నేను డెట్రాయిట్‌లో చాలామందితో వాదించాను. 1987 ఆగస్టు 12న టైగర్స్ అట్లాంటా నుంచి డాయిల్ అలెగ్జాండర్‌ను తెచ్చి జాన్ స్మోల్ట్స్‌ను ఇచ్చింది. స్మోల్ట్స్ తర్వాత 213 ఆటలు గెలిచి, 154 సేవ్‌లు (చివర్లో దిగి ఆధిక్యాన్ని కాపాడిన ఆటలు) చేసి, 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నికయ్యాడు. ఆ సీజన్ చూసిన నా సహోద్యోగులు ఈనాటికీ ఆ పేరు ఎత్తితే తల పట్టుకుంటారు. కానీ ఆ ఆగస్టులో స్మోల్ట్స్ వయసు 20. డబుల్ ఎ స్థాయిలో (మేజర్ లీగ్‌కు రెండు మెట్ల కింద) 4 గెలిచి 10 ఓడిన కుర్రాడు, ఈఆర్ఏ 5.68. అలెగ్జాండర్ 11 స్టార్టుల్లో 9 గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు, ఈఆర్ఏ 1.53. అప్పట్లో వైల్డ్ కార్డ్, అంటే డివిజన్ (లీగ్‌లోని జట్ల చిన్న బృందం) గెలవకపోయినా ప్లేఆఫ్స్‌కు వెళ్లే దారి, లేదు; డివిజన్ గెలవకపోతే ఇంటికే. టైగర్స్ టొరాంటో కన్నా రెండే ఆటలు ముందు నిలిచి డివిజన్ గెలిచింది. లీగ్ ఫైనల్లో మిన్నెసోటా చేతిలో ఓడినా, ఆ కాగితం ఆ రోజు నా ముందుంటే నేనూ సంతకం పెట్టేదాన్ని.

మీ హద్దు దాటి అడిగితే ఆగిపోండి, రెండో స్థాయి స్టార్టర్ వైపో, ఇద్దరు మంచి రిలీవర్ల వైపో చూడండి. 2019 నుంచి గడువు దాటాక మేజర్ లీగ్ ఆటగాళ్ల ట్రేడ్‌లు లేవు, వేవర్స్ దారి ఒక్కటే మిగులుతుంది. ఆగస్టు 31లోపు జట్టులో చేరినవాడికే ప్లేఆఫ్స్‌లో ఆడే అర్హత. అయితే వేవర్స్‌లో ఓటములు ఎక్కువున్న జట్లకే ముందు అవకాశం. మీరు డివిజన్‌లో మొదటి స్థానంలో ఉంటే మంచి స్టార్టర్ ఆ వరుస దాటి మీదాకా రావడం అరుదు, కాబట్టి ఆగస్టును నమ్ముకుని జులైని ఖాళీగా వదలకండి.